పరుల జాబులు



ఇంటర్నెట్టుపై పోలీసుల కావలి యెంతవరకుండవలెను, జనుల స్వేచ్ఛయు గోప్యతయు నెంతవరకు నిలువవలెను అను విషయమును గూర్చి ప్రసంగింపుమని రేడియోవారు నన్ను కోరినారు. నేను తెలుగు పండితుడను. 35 ఏండ్లు పిల్లలకు సంధులు, సమాసములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. యంత్రముల మర్మము నాకు తెలియదు. ఈ విషయమును నాకంటె బాగుగ చెప్పగల యువకులు పెక్కుమంది కలరు. అయినను ఒకప్పుడు కొంతకాలము నేను పరుల జాబులు విప్పి చదువు పనిని చేసితిని. ఆ యనుభవము నాకు గలదు గనుక ఈ ప్రసంగమునకు ఒడంబడితిని.

ఇంటర్నెట్టునకు మనవారు అంతర్జాలమని పేరిడిరి. జాలమనగా వల. మాయ యనియు దానికర్థము కలదు. ఇంద్రజాలమను మాట యందరు నెరిగినదే. పేరు పెట్టినవారు ఈ రెండవ యర్థమును తలపోసిరో లేదో గాని, నేడు రెండును సార్థకములైనవి.

1987వ సంవత్సరప్రాంతమున నేను, పిల్లలు అచ్చటనే వసించి చదువుకొను నొక పాఠశాలలో పండితుడనుగా నుంటిని. పాఠములతోపాటు వసతిగృహపు పనియు కొంత నాపై బడినది. ఆదివారము ఉదయమున పిల్లలు ఇండ్లకు జాబులు వ్రాయుదురు. వ్రాసిన జాబును అంటింపక నా బల్లమీద పెట్టవలెను. నేను చదివి, సరియని తోచినవానిని అంటించి తపాలాడబ్బాలో వేయింతును. ఇంటినుండి వచ్చిన జాబులకును ఇదే మర్యాద. ఈ నియమమును నేను చేయలేదు. నేను పోవునప్పటికే అది యున్నది. కాని నాకది తప్పుగా తోచలేదు. పిల్లల మేలు కొరకే గదా యనుకొంటిని. పైపెచ్చు, అక్షరదోషములు దిద్దుటకు మంచి యవకాశము దొరకినదని సంతోషించితిని.

ఏడవ తరగతి బాలుడొకడు, మెట్టప్రాంతమువాడు, తల్లికి వ్రాసిన జాబులో సాంబారులో పురుగులు వచ్చుచున్నవనియు, వార్డెను తన్ను కొట్టెననియు వ్రాసెను. నేను వానిని పిలిపించితిని. కోపపడలేదు. “ఇట్లు వ్రాసినచో మీ అమ్మ దిగులుపడును గదా నాయనా! మరియొక జాబు వ్రాసికొని రమ్ము” అంటిని. వాడు తలయూపి పోయి, వ్రాసికొని వచ్చెను. ఉభయకుశలోపరి అని మొదలు. భోజనము బాగున్నది, చదువు బాగున్నది, అందరును బాగుగా చూచుచున్నారు. అక్షరములు ముత్యములవలె నున్నవి. నేను మెచ్చుకొంటిని. పిల్లలలో ఒకరి సంగతి ఒకరికి తెలియుటకెంతసేపు? రెండు వారములు గడచునప్పటికి బల్లమీది జాబులన్నియు నొక్క పోలికగా నుండెను. దిద్దుటకు నాకేమియు మిగులలేదు.

వాననెలలలో ఆ బాలునికి కామెర్లు వచ్చినవి. వాడు ఎవ్వరితోను చెప్పలేదు. జాబులో మాత్రము కుశలమనియే వ్రాసెను. కన్నులు పచ్చబడి, అన్నము ముట్టక, ప్రార్థనవేళ పడిపోయిననాడు గాని మాకు తెలియలేదు. 20 దినములు ఆసుపత్రిలో నుండి బ్రదికెను. తల్లి వచ్చినది. కూలిపని చేసికొను మనిషి, చదువు రాదు. కొడుకు జాబులను ఎవరిచేతనో చదివించుకొని దాచుకొన్నదట. ఆ కట్టను కొంగున గట్టి తెచ్చి నా ముందుంచి, “ఈ ఉత్తరాలన్నీ మావాడు రాసినవేనా అయ్యా?” అని యడిగినది. దస్తూరి వానిదే. నేను బదులు చెప్పలేకపోయితిని.

ఆ దినములలోనే ఢిల్లీలోను జాబుల సంగతియే నడచుచుండెను. 1898 నాటి తపాలా చట్టము, అత్యవసర సమయములందు, ప్రజాక్షేమము కొరకు, వ్రాతమూలకమగు నుత్తరువుతో జాబులను ఆపుటకు సర్కారున కధికారమిచ్చియుండెను. 1986లో పార్లమెంటు ఆ యధికారమును విస్తరింపజేయు సవరణ బిల్లునొకదానిని ఆమోదించినది. అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగుగారు దానిపై సంతకము చేయలేదు, త్రిప్పి పంపనులేదు, ఊరక యుంచిరి. అది చట్టము కాలేదు. పత్రికలో ఆ వార్త చదివి భేషని మెచ్చుకొన్నవాడను నేనే. ఆదివారమునాడు పిల్లల జాబులు విప్పినవాడనును నేనే. ఈ రెంటికిని నాకప్పుడు పొత్తు కనబడలేదు.

ఇక నేటి సంగతి. ఇంటర్నెట్టులో మనము వ్రాయు వ్రాతలు రెండు తెరగులు. అందరును చూడవలెనని బయట పెట్టునది పోస్టుకార్డు వంటిది. ఒకరికొకరు పంపుకొనునది అంటించిన కవరు. మా కాలపువారికి ఈ భేదము చెప్పనక్కరలేదు. అప్పుల సంగతి, పిల్లదాని పెండ్లిమాట కార్డుమీద వ్రాసెడివారము కాము. కార్డును పోస్టుమాను చదివినను ఎవ్వరును తప్పుపట్టలేదు. కవరు చింపినచో ఊరంతయు కదలెడిది.

కార్డుమీది వ్రాతకు సంబంధించిన వ్యాజ్యమును ముందుగా చెప్పెదను. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణవలన 66ఎ అను సెక్షను చేరినది. కంప్యూటరు ద్వారా ఇతరులకు చీకాకు, అసౌకర్యము మొదలగునవి కలిగించు వ్రాతలు పంపినవానికి 3 ఏండ్ల వరకు చెరసాల. చీకాకునకు నిర్వచనమేది? నా వ్యాకరణ పాఠము సగము తరగతికి చీకాకు కలిగించినది. ఆ లెక్కను నేను ఎన్నియేండ్లు చెరలో నుండవలెనో! 2012 నవంబరులో మహారాష్ట్రములోని పాల్‌ఘర్‌లో ఒక యువతి, ఒక నాయకుని మరణమునకు ముంబయి నగరమంతయు మూతపడుటయేమని నాలుగు మాటలు వ్రాసినది. మరియొక యువతి ఆ మాటలు తనకు నచ్చినవని గుర్తు పెట్టినది. ఇరువురను పోలీసులు పట్టుకొనిపోయిరి. ఆ కేసులో 66ఎ సెక్షనును చేర్చిరి. దేశమంతట అలజడి పుట్టినది. శ్రేయా సింఘాల్ వ్యాజ్యములో 2015 మార్చి 24న సుప్రీముకోర్టువారు ఆ సెక్షనును పూర్తిగా కొట్టివేసిరి. తీర్పు చెప్పిన యిరువురిలో ఒకరు రోహింటన్ నారిమన్‌గారు, మరియొకరు మన కృష్ణాజిల్లాలో జన్మించిన జాస్తి చలమేశ్వర్‌గారు.

వింత యేమనగా, కొట్టివేసిన సెక్షను చావలేదు. పోలీసుస్టేషనులలో ఆ సెక్షను క్రింద కేసులు వ్రాయుచునే యుండిరి. 2021 జులైలో ఈ సంగతి తమ యెదుటికి వచ్చినప్పుడు న్యాయమూర్తులు విస్మయము చెందిరి. 2022 అక్టోబరులో, ఈ సెక్షను క్రింద ఎవరిని విచారింపరాదని మరల ఉత్తరువు చేయవలసి వచ్చినది. కోర్టులో చెరిపివేసిన యక్షరము ఠాణాలోని పుస్తకములో చెరుగుటకు ఏడేండ్లు చాలలేదు. చట్టమును దిద్దిన చాలునని తలచువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

పోలీసులు వలదని నేను చెప్పబోవుటలేదు. 2020 డిసెంబరులో మన తెలంగాణములో జరిగిన దారుణము మీకు గుర్తుండవచ్చును. ఫోనులో క్షణములో అప్పునిచ్చు నంగళ్లు వెలసినవి. అప్పు తీసికొన్నవాని ఫోనులోని పేర్లు, నెంబర్లు అన్నియు వారు లాగికొనిరి. వాయిదా తప్పినచో వాని బంధువులకు, తోడి యుద్యోగులకు వానినిగూర్చి నీచపు వ్రాతలు పంపిరి. ఆ యవమానము నోర్వలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. హైదరాబాదు పోలీసులు ఆ ముఠాలను వెదకి పట్టిరి. ఇచ్చట గోప్యతను దోచినవారు వర్తకులు. దానిని కాపాడ వచ్చినవారు పోలీసులు. కాబట్టి గోప్యతకు పోలీసు పగవాడని సూత్రము చేయుటకు వీలులేదు.

నా మిత్రులొకరున్నారు. లెక్కల మాస్టరుగా పనిచేసి నావలెనే విరమించినవారు. గత సంవత్సరము ఒకనాటి ఉదయమున వారికి వీడియోలో పోలీసుదుస్తులు ధరించిన మనుష్యులు కనబడి, మీ పేరుమీద మత్తుమందుల పార్సిలు పట్టుబడినది, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది విడువరాదు, ఎవ్వరితోను మాటలాడరాదు అని బెదరించిరి. భార్యాభర్తలు రెండు దినములు తలుపులు మూసికొని కూర్చుండిరి. ప్రక్కవీధిలోనున్న నాకును చెప్పలేదు. బ్యాంకులో దాచుకొన్న సొమ్ములో పెద్దభాగము పోయినది. డిజిటల్ అరెస్టు అనునది మన చట్టములో ఎచ్చటను లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రిగారును తమ రేడియో ప్రసంగములో ఈ మాటయే చెప్పిరి. లెక్కలు చెప్పినవారు, లోకము చూచినవారు, ఎందుకు నమ్మిరని నేనడిగితిని. “పోలీసులు గనుక అన్నియు వారికి తెలిసియుండుననుకొంటిని” అనిరి. ఈ మాట నన్ను చాలకాలము కలతపెట్టినది. సర్కారు మన గదిలోనికి చూచుచునే యుండునని జనులు నమ్మిననాడు, ఆ నమ్మకముతో మొదట వ్యాపారము చేయువాడు దొంగ.

1930 అను నెంబరునకు ఫోనుచేసి చెప్పిన తరువాత పోలీసులు డబ్బు పోయిన జాడబట్టి, ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు నడచిపోయి, కొంత సొమ్మును మధ్యలోనే ఆపించిరి. వారి నేర్పును మెచ్చుకొంటిని. వారు వెదకినది ఈ నేరమునకు తగులుకొన్న ఖాతాలను, నెంబర్లను మాత్రమే. అందుకొరకు ఊరివారి యందరి కవరులు చింపవలసిన పని కలుగలేదు.

కవరు చింపక కావలి కాయవచ్చునని చూపిన మరియొక యుదాహరణము పాలమూరు సీమలో నున్నది. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సప్పులో పుకార్లు పుట్టి, దేశములో పలుచోట్ల అమాయకులగు బాటసారులను జనులు కొట్టి చంపిరి. మన తెలుగుదేశములోను చావులు జరిగినవి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాకు పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరిగారు కానిస్టేబులులను ఒక్కొక్కరికి కొన్ని పల్లెలు అప్పగించి ఇంటింటికి పంపిరి. డప్పు కొట్టించిరి, పాటలు కట్టి పాడించిరి. ఫోనులో వచ్చినదెల్ల నిజము కాదనియు, క్రొత్తవాడు కనబడినచో కొట్టక తమకు చెప్పుమనియు బోధించిరి. ఆమె కావలిలోనున్న పల్లెలలో అట్టి చావు ఒకటియు జరుగలేదని వార్తాపత్రికలు వ్రాసినవి. అంతటి పెద్ద వలను ఒక డప్పు ఎదిరించినది! వాట్సప్పువారును ఆ యేడే ఒక వార్తను 5 చోట్లకు మించి ఒక్కమారుగా పంపుటకు వీలులేకుండ మన దేశములో కట్టడి చేసిరి. ఆ కట్టడియు కవరు లోపల చూచునది కాదు.

ఇక దీనికి ప్రక్కనే నిలుపదగిన మరియొక సంగతి. 2021 అక్టోబరులో హైదరాబాదు నగరవీధులలో పోలీసులు దారిని పోవువారిని ఆపి, ఫోనులు తీయించి, వాట్సప్పులో గంజాయి యను మాట యెచ్చటనైన నున్నదేమో యని వెదకిరి. గంజాయి చెడ్డది, దానిని వేళ్లతో పెరుకవలసినదే. కాని ఆపబడినవాడు చేసిన నేరమేమి? ఆ దారిని పోవుటయే గదా! కారణమడుగక, పేరు వ్రాయక, బాటసారి ఫోను విప్పు నధికారమును ఏ చట్టము స్పష్టముగా నిచ్చినదో నాకు కనబడలేదు. ప్రశ్నించిన పత్రికలవారితో, మేమెవరిని బలవంతపెట్టలేదు, జనులే సహకరించుచున్నారు, ఎవ్వరును ఫిర్యాదు చేయలేదు అని యధికారి యొకరు చెప్పిరి. ఆ మాట చదువగానే నాకు నా బల్లయు, దానిమీది జాబుల కట్టయు కనబడినవి. నేనును ఎవరిని బలవంతపెట్టలేదు. ఏబదిమంది బాలురలో ఒక్కడును ఫిర్యాదు చేయలేదు. అందరును సహకరించిరి.

గోప్యత యనునది మనకు ప్రాథమిక హక్కు అగునా కాదా యను ప్రశ్న చాలకాలము తేలక యుండెను. 1954లో ఎనమండుగురు, 1962లో ఆరుగురు న్యాయమూర్తులు చెప్పిన తీర్పులు అడ్డముగా నుండెను. 80 ఏండ్లు దాటిన వయస్సున కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 2012లో ఆధారు విషయమై వ్యాజ్యము వేసిరి. ఆ వ్యాజ్యములో 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ గోప్యత ప్రాథమిక హక్కేయని తీర్మానించిరి. సర్కారు అందులో చేయి పెట్టరాదని వారనలేదు. పెట్టుటకు చట్టముండవలెను, తగిన ప్రయోజనముండవలెను, ఆ ప్రయోజనమునకు మించి చేయి చొరబడరాదు అనిరి. దోమను చంపుటకు ఇల్లు తగులబెట్టరాదన్నమాట. మన పల్లెటూరి పెద్దలును ఈపాటి తీర్పు చెప్పగలరు. కాని వారు చెప్పిన పోలీసులు వినరు.

కవరు విప్పు పద్ధతి చట్టములో లేకపోలేదు. టెలిఫోను మాటలను చాటున వినుటకు 1996లో సుప్రీముకోర్టువారు కట్టుబాట్లు చేసిరి: హోము కార్యదర్శి ఉత్తరువుండవలెను; అది 2 నెలలలో ముగియవలెను; పొడిగించినను 6 నెలలు దాటరాదు; ఒక సంఘము దానిని పరీక్షింపవలెను. ఇంటర్నెట్టునకును 2009లో ఇట్టి నియమములే వచ్చినవి. చూచుటకు బాగుగనే యున్నవి. అయితే ఉత్తరువు వ్రాయువాడు సర్కారు కార్యదర్శి. పరీక్షించు సంఘములోనివారును సర్కారు కార్యదర్శులే. న్యాయమూర్తి యొక్కడును లేడు. వసతిగృహములో జాబులు చదివిన నేను సరిగా చదివితినా లేదా యని తేల్చుటకు వార్డెనునే నియమించినట్లున్నది. 2024లో హైదరాబాదులో, పోలీసులలో కొందరు ప్రతిపక్షములవారి ఫోనులను చాటున వినిరను నారోపణపై పోలీసు అధికారులనే అరెస్టు చేయవలసి వచ్చినది. నిజానిజములు న్యాయస్థానము తేల్చవలసినవి. ఆ యారోపణ పుట్టుటకు ఎడమున్నదనుట మాత్రము నిజము.

కౌటిల్యుని యర్థశాస్త్రమున గూఢపురుషుల ప్రకరణము కలదు. సన్న్యాసి వేషమున, వర్తకుని వేషమున, గృహస్థు వేషమున చారులను నియమింపుమని యాయన చెప్పెను. అంతటి యనుమానపు మనిషియు ఒక్క చారుని మాట నమ్మవలదనెను. మువ్వురు వేర్వేరుగ ఒక్కమాట చెప్పిననే విశ్వసింపవలెను; పలుమారు తప్పుచెప్పిన చారునికి దండన. కంటకశోధనమున, జనులను పీడించు దొంగలతోపాటు దారితప్పిన యధికారులకును శిక్షలు వ్రాసెను. రాజు కన్నుల మీదను కన్నుండవలెనని ఆ ముసలివానికి తెలిసియుండెను.

అన్నిటికంటె చిక్కైన ప్రశ్న కడకు వచ్చినది. నేటి వాట్సప్పు వంటివానిలో కవరును అంటించు తీరు ఎట్టిదనగా, పంపినవాడును అందుకొన్నవాడును తప్ప, మోసికొనిపోవు కంపెనీవాడే విప్పలేడు. 2021లో కేంద్రప్రభుత్వమువారు చేసిన నియమములలో, కోర్టుగాని తగిన యధికారిగాని యడిగినప్పుడు, ఒక వార్తను మొట్టమొదట పంపినవాడెవడో పెద్ద కంపెనీలు చెప్పవలెనని యున్నది. వాట్సప్పువారు ఆ యేడు మేనెలలోనే ఢిల్లీ హైకోర్టునకు పోయిరి. మొదటివానిని చెప్పవలెనన్నచో కోట్లాది జనుల ప్రతి జాబునకును గుర్తు వేసి యుంచవలెనని వారి వాదము. ప్రభుత్వమువారి వాదమునందును బలము కలదు. పసిబిడ్డలను చెరచు చిత్రములను అమ్ముకొను దుర్మార్గులకు ఆ కవరే చాటగుచున్నది. ఒక తల్లి నా యెదుట నిలిచి, నీ గోప్యతకొరకు నా బిడ్డ బలి కావలెనా యని యడిగినచో నేనేమి చెప్పుదును? ఒకతల్లికి బదులు చెప్పలేక తలవంచినవాడను.

అయినను నా తీర్పు చెప్పవలసియున్నది గనుక చెప్పుచున్నాను. ఒక దొంగజాబు కొరకు దేశములోని కవరులన్నిటిమీదను వ్రాసినవాని వేలిముద్ర వేయించుట నాకు సమ్మతము కాదు. అనుమానింపబడినవాని పేరు వ్రాసి, కారణము వ్రాసి, గడువు వ్రాసి, న్యాయమూర్తి చేవ్రాలుతో వాని కవరు విప్పుడు. వాని ఇంటికి పొండు, వాని ఫోను పట్టుకొనుడు. అది ఆలస్యమగునందురు. అత్యవసరమైనచో ముందు చూచి, ఇన్ని దినములలో న్యాయమూర్తికి కారణము చెప్పుమని చట్టము చేయవచ్చును. పని ముగిసిన పిమ్మట, నీ జాబు చదివితిమని ఆ మనుష్యునికి తెలుపవలెనని నా కోరిక. తెలిసినగదా వాడు న్యాయమడుగుట! వసతిగృహములోని బాలురకు నేను చదువుచున్నానని తెలియును. అందుచేత వారు నోరు మూసికొనిరి. తెలియకుండ చదివినచో వారు నోరు తెరచియుందురు గాని, దెబ్బలు తినియుందురు. రెంటిలో ఏది మేలో నాకు నేటికిని తెలియదు.

నా మిత్రుని సొమ్ములో ఆపబడిన భాగమింకను చేతికి రాలేదు. సోమవారమునాడు స్టేషనునకు, అచ్చటినుండి కోర్టునకును పోవలసియున్నది. కాగితములన్నియు నేనే సర్ది పెట్టితిని; తోడుగా పోవుచున్నాను. వారి ఫోనును ఒకమారు ఇచ్చి పొమ్మని ఎస్సైగారు అడిగినారట. ఏ కారణమున, ఎన్ని దినములకు, రసీదు నిత్తురా యని అడుగవలెనని మేమిరువురము అనుకొన్నాము. మర్యాదగనే అడుగుదుము. సెలవు.